అల్లుని పాట ఆఖరి చరణం

లింగమూర్తి తెల్లచొక్కా వేసుకొని గల్లీ మలుపు తిరిగితే చాలు, చాయ్ హోటల్ శేఖర్ చేతిలో గరిటె ఆపి అడిగేవాడు.

"ఎవలు పోయిండ్రు మామా?"

అది పలకరింపు కాదు. లింగమూర్తి తెల్లచొక్కా వేసుకున్నాడంటే వరంగల్‌లో మా కొత్తవాడ చుట్టుపక్కల ఎవరో ఒకరు పోయినట్టే. శవాన్ని రాత్రి ఇంట్లో ఉంచాల్సి వస్తే జాగారానికి భజన పెడతారు. ఆ భజనలో తత్వాలు పాడే గొంతు ఆయనది. పగలంతా పవర్‌లూమ్ షెడ్డులో తువ్వాళ్లు నేసేవాడు. కబురు వస్తే మగ్గం పక్కవాడికి అప్పజెప్పి, ఇంటికొచ్చి చొక్కా మార్చుకొని, తాళాలు కొట్టే మొగిలయ్యను వెంటబెట్టుకొని బయల్దేరేవాడు.

ఈ పని ఆయన కోరి మొదలుపెట్టింది కాదు. పందొమ్మిదేళ్ల వయసులో తండ్రి పోయాడు. పాడతానన్న మనిషి కల్లు తాగి ఎక్కడో పడిపోయాడు. తండ్రి తలాపున దీపం, చుట్టూ మాటల్లేక కూర్చున్న బంధువులు. ఆ నిశ్శబ్దం భరించలేక లింగమూర్తే ఎత్తుకున్నాడు. తర్వాత వారం పక్క గల్లీలో ఒక ముసలమ్మ పోతే, "తండ్రికి పాడినవ్ గదా బిడ్డా, ఈమెకు గుడ రెండు పాడిపో" అన్నారు. అట్లా అలవాటయింది.

నా భార్య సుహాసిని పోయిన రాత్రి కూడా ఆయనే పాడాడు. ఆ రాత్రి ఎవరు వచ్చారో, ఎవరేమన్నారో నాకు చాలావరకు గుర్తులేదు. గొంతు ఒక్కటి గుర్తుంది. ఎత్తుకున్నప్పుడు పగిలిన కుండ మీద గోరుతో గీసినట్టుండి, పోను పోను లోతు దిగే గొంతు. తెల్లవారుతుంటే ఎవరో బయటినుంచి చాయ్ తెచ్చారు. ఆయన చేతులు జోడించి "వద్దు" అన్నాడు. ఎవరింట్లోనైనా ఆయన మాట అదే. రెండోసారి అడిగినవాళ్లు తక్కువ.

పెద్దకర్మ అయిపోయాక ఒక సాయంత్రం షెడ్డు నుంచి వస్తూ మా అరుగు మీద కూర్చున్నాడు. చెవుల్లో ఇంకా దూది పోగులున్నాయి. కాసేపు దగ్గి, ఉన్నట్టుండి అన్నాడు.

"సారూ, నేను పాడిన ఇంట్ల ఎన్నడు పొయ్యి ముట్టియ్యలే."

నాకు వెంటనే అర్థం కాలేదు. తర్వాత తట్టింది. చావు జరిగిన ఇంట్లో శవం లేచేదాకా పొయ్యి వెలిగించరు. తినేది ఏదైనా పక్కింటినుంచో చుట్టాలింటినుంచో రావాల్సిందే. పాతికేళ్లకు పైగా ఆయన పాడిన ప్రతి ఇంట్లోనూ పొయ్యిలో చల్లటి బూడిదే ఉంది.

"పెండ్లికి ఎవ్వలు పిలువరు, అది తెలిసిందే," అన్నాడు. "ఫికర్ లేదు. గని ఒక్కసారి, ఒకటే ఒక్కసారి, అందరు వేడి వేడిగ తినుకుంట ఉండంగ పాడాలె. నేను పాడంగ మంది నవ్వాలె. నా గొంతుకు నవ్వుతరా నవ్వరా, గది సూడాలనుంది."

"నవ్వే పాట వచ్చా నీకు?"

"ఒకటున్నది," అని సిగ్గుపడ్డాడు. "మగ్గం మీద గట్టుకున్న. ఆ చప్పుడుల ఎవనికి ఇనవడదు గద."

ఆ పాటను మొట్టమొదట నేను విన్నది వాళ్లింట్లోనే. లింగమూర్తి భార్య మల్లవ్వ రాట్నం మీద నూలు కండెలు చుడుతూ కూర్చుంది. ఆయన తలుపు మూసి మరీ పాడాడు. పక్కింటివాళ్లు వింటే ఎవరు పోయారో అనుకొని వస్తారని భయం.

అత్తింటికొచ్చిండె అల్లుడు, సిగ్గు
సంచిల వెట్టుకొచ్చిండె అల్లుడు
సర్వపిండి దెచ్చె అత్త, సెగలు గక్కంగ
వద్దత్త వద్దనె అల్లుడు, నోట్ల
నీళ్లూరంగ వద్దనె అల్లుడు

రెండో చరణంలో అత్త సకినాలు తెస్తుంది. మూడో దాంట్లో గారెలు, నాలుగో దాంట్లో కోడికూర. ప్రతిసారీ అల్లుడు మొహమాటపడి వద్దంటాడు. అత్త అమాయకురాలు, వద్దంటే వద్దనే అనుకొని లోపలికి తీసుకుపోతుంది. ఆఖరి చరణంలో అల్లుడు నోరు విప్పుతాడు. అక్కడికి వచ్చేసరికి నేను గట్టిగా నవ్వాను. సుహాసిని పోయాక నేను నవ్వడం అదే మొదలు. మల్లవ్వ కండె పక్కన పెట్టి నా వైపు చూసింది.

"సారు నవ్విండు," అంది భర్తతో, సాక్ష్యం చెప్పినట్టు.

"ఈ పాటలో అల్లుడెవరు వదినా?" అని అడిగితే, "ఆయిన్నే అడుగు," అని మొహం తిప్పుకుంది.

ఆ చలికాలం చివర మా వాడలో ఒక సాయంత్రం తిండీ పాటల కార్యక్రమం పెట్టారు. పెట్టినవాడు భానుచందర్. మా వాడ పిల్లవాడే, హైదరాబాదులో ఫంక్షన్లకు స్టేజీలు కట్టే కంపెనీలో కొన్నాళ్లు పనిచేసి తిరిగి వచ్చాడు. మన తిండి, మన పాట, రెండూ ఒక్కచోట ఉండాలన్నది అతని ఆలోచన. స్కూలు మైదానంలో వరుసగా పొయ్యిలు పెట్టి ఆడవాళ్లతో వంటలు చేయిస్తారు. ఒక పక్క స్టేజీ. కుర్చీల్లో కూర్చొని తింటూ పాటలు వినొచ్చు. మల్లవ్వను సర్వపిండి చేయమని అడగడానికి వాళ్లింటికి వెళ్లినప్పుడు లోపల లింగమూర్తి కూనిరాగం విన్నాడు.

"కాకా, నువ్వు గుడ పాడాలె," అన్నాడు.

లింగమూర్తి మల్లవ్వ మొహం చూశాడు. "నేనెవలనో నీకెరుకేనా బిడ్డా?"

"ఎరుకెందుకు లేదు కాకా. గిది నవ్వుల పాట గద. నవ్వుల పాటకు ఏమైతది?"

లింగమూర్తి నేరుగా మా ఇంటికి వచ్చి ఆ మాట చెప్పాడు. బొంబాయి దగ్గర భీవండిలో ఉన్న కూతురు రమకు ఫోన్ చేసి చెప్పాడు. ఆమె నీలం రంగు చొక్కా పంపింది. తెల్లది వేసుకోవద్దని గట్టిగా చెప్పిందట.

ఆ ఆదివారం సాయంత్రం నేనూ ఆయనతోనే బయల్దేరాను. నీలం చొక్కా, దువ్విన తల. చాయ్ హోటల్ దగ్గర శేఖర్ అలవాటుగా గరిటె ఆపాడు.

"ఎవలు పోయిండ్రు మామా?"

"ఎవలు పోలేరా. పాడ పోతాన."

"నువ్వు పాడ పోతానవంటె ఎవలో పోయినట్టే గదనే."

"ఈయాల్ల ఎవలు పోరు. అందరు తిన పోతాండ్రు. నువ్వు గుడ గల్లా మూసి రా."

శేఖర్ నవ్వాడు. లింగమూర్తి కూడా నవ్వాడు. నడక మాత్రం కొంచెం నెమ్మదించింది.

మైదానం నిండుగా ఉంది. ఒక దగ్గర జొన్నరొట్టెలు కాలుస్తున్నారు, ఒక దగ్గర బోటి కూర ఉడుకుతోంది, ఒక దగ్గర మలీద ఉండలు కడుతున్నారు. మల్లవ్వ పొయ్యి చివర్న ఉంది. వంటింట్లో వాడే లోతు గిన్నెను మేము సర్వ అంటాం. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, నానిన శనగపప్పు, కారం కలిపి ఆ సర్వ లోపలి గోడలకే పలచగా ఒత్తి, వేలితో అక్కడక్కడా బొక్కలు పెట్టి, నూనె పోసి మూత పెడతారు. సర్వ చల్లారితే గాని రెండో దానికి పిండి ఒత్తడం కుదరదు. అందుకే మల్లవ్వ ఇరుగుపొరుగు ఇళ్లనుంచి సర్వలు అడిగి తెచ్చుకుంది. ఒకటి పొయ్యి మీద, ఒకటి నీళ్ల తొట్టిలో, ఒకటి చేతిలో. ఆమె ముందు మనుషులు వరుస కట్టి ఉన్నారు. నాకొకటి ఆకులో పెట్టి ఇచ్చింది.

"మాడినకాడ తినుండ్రి సారు, గక్కడనే రుచి," అంది. ఆమె కళ్లు మాత్రం స్టేజీ వైపే ఉన్నాయి.

ముందు పిల్లలు డప్పులు కొట్టారు. తర్వాత కాలేజీ అమ్మాయిలు ఆడారు. మనుషులు కూర్చొని తింటూ, లేచి ఇంకో పొయ్యి దగ్గరికి వెళుతూ, మాట్లాడుకుంటూ, నడుమ నడుమ చప్పట్లు కొడుతూ ఉన్నారు. అప్పుడు భానుచందర్ మైకులో లింగమూర్తి పేరు చెప్పాడు. "నవ్వుల పాట" అని రెండుసార్లు చెప్పాడు. పేరు వినగానే కొన్ని తలలు పైకి లేచాయి. మొగిలయ్య తాళాలు సర్దుకొని పక్కన కూర్చున్నాడు. భానుచందర్ తన ఫోన్‌ను స్టేజీ ముందు కర్రకు కట్టి పాట రికార్డు చేయడం మొదలుపెట్టాడు.

లింగమూర్తి ఎత్తుకున్నాడు.

మొదటి చరణానికి వెనక నిలబడ్డ కుర్రాళ్లు కొందరు నవ్వారు. వాళ్ల ఇళ్లలో ఇంకా ఎవరూ పోలేదేమో. రెండో చరణంలో అత్త సకినాలు తెస్తుండగా ముందు వరుసలో లక్ష్మీనర్సమ్మ చేతిలో ప్లేటు కింద పెట్టింది. ఆమె కొడుకు వానాకాలంలో కేసముద్రం మార్కెట్ నుంచి బండి మీద వస్తూ లారీ కింద పడి పోయాడు; ఆ రాత్రి వాళ్లింట్లో పాడింది లింగమూర్తే. ఆమె ఏడవలేదు. కొంగు తల మీదికి లాక్కొని కుర్చీలోంచి దిగి నేల మీద కూర్చుంది.

చావు ఇంట్లో ఎవరూ కుర్చీలో కూర్చోరు. ఎంత పెద్దమనిషైనా చాప మీదనో వట్టి నేల మీదనో కూర్చోవాల్సిందే. ఆమె ఆ పని ఆలోచించి చేసినట్టు లేదు. గొంతు విన్నది, ఒళ్లు దానంతటదే దిగింది.

ఆమె పక్కనున్న ముసలాయన ఆమె ఎందుకు దిగిందో చూడడానికన్నట్టు వంగి, ఆయనా దిగాడు. వెనక వరుసలో ఒక జంట. ఇంకో పక్క ఒక నడివయసు మనిషి, నోట్లో ముద్ద అట్లాగే ఉంది. ప్లాస్టిక్ కుర్చీలు నేలకు రాసుకునే చప్పుడు ఒకటి తర్వాత ఒకటి. ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. నా కుర్చీ ఎప్పుడు ఖాళీ అయిందో నాకు తెలియదు. అరచేతికి మట్టి తగిలాక చూసుకుంటే నేలమీద ఉన్నాను.

పైనుంచి లింగమూర్తికి అంతా కనిపిస్తూనే ఉంది. గారెల చరణం పాడాడు, కోడికూర చరణం కూడా పాడాడు. గొంతు ఎక్కడా తప్పలేదు. "వద్దత్త వద్దనె అల్లుడు" అంటున్నప్పుడు సగం మైదానం నేల మీద ఉంది. కొందరు ఏడుస్తున్నారు. ఆఖరి చరణానికి ఊపిరి తీసుకున్నాడు. మొగిలయ్య తాళం కొడుతూనే ఉన్నాడు. లింగమూర్తి నోరు మూసుకొని, చేతులు జోడించి, స్టేజీ దిగిపోయాడు.

ఆ సాయంత్రానికి పందిరి వేయించిన బట్టల షాపు పాండురంగం భానుచందర్ మీదికి వచ్చాడు.

"పొయ్యిల మీద నూనెలు మరుగుతాంటె పీనుగ పాట వెట్టిస్తవా? తెలివి ఉండాలె గద."

"అది పీనుగ పాట కాదంకుల్. అల్లుని పాట. కామెడీ."

"పాటెవడిన్నడురా? మంది ఇన్నది గొంతు."

ఆ మాట లింగమూర్తికి వినబడింది. వినబడకూడదని పాండురంగం గొంతు తగ్గించిందీ లేదు. మనుషులు ఒక్కొక్కరే పిల్లల చేతులు పట్టుకొని గేటు వైపు నడిచారు. ఎవరూ తిట్టలేదు. కొందరు లింగమూర్తి పక్కనుంచి పోతూ అలవాటుగా దండం కూడా పెట్టారు. ఆ దండాలకు ఆయన తల వంచుకున్నాడు.

మల్లవ్వ పొయ్యి ముందు వరుస లేదు. ఒత్తిపెట్టిన సర్వ ఆమె చేతిలోనే ఉంది. లింగమూర్తి వచ్చి పొయ్యి పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"తినవా?" అని అడిగింది.

"వద్దు."

ఆమె సర్వను పొయ్యి మీద పెట్టింది. కాలాక ఆకులో తీసి ఆయన మోకాళ్ల మీద పెట్టింది. "నన్ను మల్ల మల్ల అడగనియ్యకు," అంది. ఆయన తిన్నాడు. దగ్గుతూ తిన్నాడు. ఒక్కసారి మాత్రం నా వైపు చూసి, "సారూ, మీరు గుడ దిగిండ్రు," అన్నాడు. నిష్ఠూరంగా అనలేదు. చూసింది చెప్పాడు, అంతే.

ఆ తర్వాత వారమే ఎనుమాముల వైపునుంచి కబురు వచ్చింది. లింగమూర్తి తెల్లచొక్కా వేసుకొని వెళ్లాడు. వెళ్లడం మానలేదు. కానీ అంతకుముందు షెడ్డులో మగ్గం ముందు ఆయన పెదవులు ఎప్పుడూ కదులుతూ ఉండేవట. అది ఆగిపోయిందని పక్క మగ్గం సదానందం చెప్పాడు. శేఖర్ కూడా అడగడం మానేశాడు. తెల్లచొక్కా కనబడితే గ్లాసులు కడుగుతున్నట్టు తల దించుకునేవాడు. ఒకరోజు లింగమూర్తే ఆగి, "అడుగవేందిరా, పాణం బాగలేదా?" అన్నాడు. శేఖర్ చాయ్ పోసి ఇచ్చాడు గాని అడగలేదు.

దూది ఊపిరితిత్తుల్లో పేరుకుందన్నారు దవాఖానలో. ఏడాది తిరగకముందే పాడడానికి ఊపిరి చాలకుండా పోయింది. ఒక ఇంట్లో తత్వం మధ్యలో దగ్గు ఆగక బయటికి వచ్చేశాడు. శవాన్ని అట్లా వదిలి వచ్చినందుకు చాలా బాధపడ్డాడు. ఆషాఢంలో ఒక మధ్యాహ్నం, వాన పడుతుండగా, మల్లవ్వ కండెలు చుడుతుంటే పక్కన పడుకొని పోయాడు. నిద్రపోయాడనుకొని ఆమె రాట్నం చప్పుడు కాకుండా మెల్లగా తిప్పిందట.

రమ భీవండినుంచి రావాలి. శవాన్ని తెల్లారేదాకా ఉంచాలి. సాయంత్రం దీపం పెట్టే వేళకు ఇల్లు నిండింది. చాపల మీద, గడప మీద, బయట టార్పాలిన్ కింద, అందరం నేల మీదే కూర్చున్నాం. లక్ష్మీనర్సమ్మ వచ్చింది. శేఖర్ హోటల్ మూసి వచ్చాడు. మూలన పొయ్యి మీద ఏ గిన్నే లేదు. పక్కనే సర్వలు బోర్లించి ఉన్నాయి.

అప్పుడందరికీ ఒకే సంగతి తోచింది. పాడేదెవరు?

అందరూ మొగిలయ్య వైపు చూశారు. ఆయన తాళాలు ఒళ్లో పెట్టుకొని అడ్డంగా తల ఊపాడు. "నాకు పాట రాదుల్లా. ఆయిన పాడితె కొట్టుడే వచ్చు."

ఎవరో కుర్రవాడు స్పీకర్ బాక్స్ తెచ్చాడు. ఇప్పుడు చాలా ఇళ్లలో అదే పెడుతున్నారు, ఎక్కడివో తత్వాలు, ఎవరివో గొంతులు. ఒకటి మొదలైంది. కాసేపు విని మల్లవ్వ అంది, "బంద్ జెయ్ బిడ్డా. ఎవలో పరాయోడు వచ్చి కూసున్నట్టున్నది."

మళ్లీ వాన చప్పుడు.

గడప దగ్గరున్న భానుచందర్ లేచి వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. "చిన్నమ్మా, కాకది నా ఫోన్ల ఒకటున్నది. గని..." అని ఆగాడు.

చావు ఇంట్లో ఎవరూ ఫోను పట్టి పాట రికార్డు చేయరు. అన్నేళ్లు, అన్ని ఇళ్లలో పాడిన ఆ గొంతు ఎక్కడా మిగల్లేదు. మిగిలింది ఆ మైదానంలోని నవ్వుల పాట ఒక్కటే.

"పెట్టు," అంది మల్లవ్వ.

"గది ఇక్కడ బాగుండదేమో చిన్నమ్మా."

"పెట్టు బిడ్డా."

స్పీకర్‌లో ముందు మైదానం గోల వినిపించింది, తర్వాత ఆయన గొంతు. అల్లుడు సిగ్గును సంచిలో పెట్టుకొచ్చాడు. చల్లటి పొయ్యి ఉన్న ఇంట్లో సర్వపిండి సెగలు కక్కింది. సకినాలు వచ్చాయి, గారెలు వచ్చాయి. అల్లుడు వద్దంటూనే ఉన్నాడు. తలాపున దీపం వెలుగుతూ ఉంది. గారెల దగ్గర శేఖర్‌కు నవ్వు ఆగలేదు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని, చుట్టూ చూసి, సిగ్గుతో తల దించుకున్నాడు.

"నవ్వుండ్రి," అంది మల్లవ్వ. "ఏమైతది, నవ్వుండ్రి. గందుకే గట్టిండు ఆ పాట."

కోడికూర చరణం అయింది. కుర్చీలు నేలకు రాసుకునే చప్పుడు, ఒక ఊపిరి, తాళం రెండు దెబ్బలు. పాట ఆగింది.

"మరి ఆఖరిది?" అన్నాడు శేఖర్. "ఆ అల్లుడేమన్నడు?"

మొగిలయ్యకు తెలుసు, చెప్పలేకపోయాడు. నాకూ తెలుసు. మల్లవ్వ లింగమూర్తి మొహం మీద వాలిన ఈగను కొంగుతో తోలి, పాడకుండా, మామూలుగా చెప్పింది.

"ఎవలో అల్లుడు గాదు. ఈయినే. లగ్గమైనంక పాలకుర్తి కాడ మా అవ్వగారింటికి తోలుకపోయిన. మా అవ్వ ఏది పెట్టినా వద్దు, వద్దు. నిజమే అనుకున్నది మా అవ్వ. మిగిలిన సర్వపిండి వాకిట్ల కుక్కకు వెయ్యవోయింది. అప్పుడు ఈయిన ఉరికొచ్చి అన్నడు, 'అత్తా, ఆ కుక్కను గుడ ఒక్కసారి అడుగు. అది గుడ వద్దంటదేమో.'"

ముందు శేఖర్ నవ్వాడు. సదానందం నవ్వాడు. లక్ష్మీనర్సమ్మ కొంగు నోట్లో కుక్కుకొని భుజాలు కదిలేలా నవ్వింది. ఎంతసేపు నవ్వు, ఎక్కడినుంచి ఏడుపు, చెప్పడం కష్టం. గడప బయట వాళ్లకు మాట వినబడక లోపలివాళ్లు చెప్తే వాళ్లూ నవ్వారు. ఆయన కావాలనుకున్నదంతా ఆ గదిలో ఉంది. వినాల్సిన మనిషి నడుమ తెల్లగుడ్డ కింద ఉన్నాడు.

"మల్లొక్కసారి పెట్టు," అంది మల్లవ్వ.

ఈసారి మొగిలయ్య తాళాలు చేతిలోకి తీసుకున్నాడు. ఫోనులోంచి వస్తున్న తన తాళానికే తాళం కలిపాడు. కోడికూర చరణం అయింది, కుర్చీలు కదిలాయి, గొంతు ఆగింది. మొగిలయ్య ఆపలేదు. ఆ ఆఖరి చరణం ఎంత పొడుగుంటుందో అంత పొడుగూ, పాట లేకుండా, తాళం ఒక్కటే కొట్టాడు. మల్లవ్వ పెదవులు కదులుతూ ఉన్నాయి.